అవ్వ ఫోనెత్తినప్పుడల్లా

ఇంటర్ అయ్యాక ధర్మవరంలో అవ్వ దగ్గరున్నాను. ఆ రోజు సాయంత్రం ఐదులోపు నెట్‌లో కాలేజీలు ఎంచుకోకపోతే నా సీటు పోయినట్టే. ముందురోజు మామ కంప్యూటర్ అప్‌డేట్ చేసి, తీగలు సర్ది వెళ్లాడు. అప్పటినుంచీ బ్రౌజర్ తెరుచుకున్నట్టే తెరుచుకుని ఆగిపోతోంది. సెల్‌లో మామ మీద అరిచాను.

"అప్‌డేట్ ఏం చేస్తాది పాపా? ఆడ ఎవురో ల్యాండ్‌లైన్ ఎత్తుతాండారు, చూడు. నెట్టూ ఆ లైన్లోనే వస్తాది, ఫోనెత్తితే ఆగిపోతాది," అన్నాడు.

ముందుగదిలో అవ్వ రిసీవర్ చెవికి ఆనించుకుని ఉంది.

"మీ తాత, పాపా. నిన్నట్నుంచి ఉస్సుమని ఊపిరి తీస్తాండాడు."

తాత పోయి ఏడాదైంది.

"అది నెట్ శబ్దం, పెట్టేయ్ అవ్వా," అని కసిరాను.

"పాపకు పనుండాదంట, రోంతసేపు ఆగు," అని రిసీవర్‌లో చెప్పి పెట్టేసింది.

కాలేజీలు ఎంచుకున్నాక, అది నెట్ శబ్దమేనని అవ్వకు రుజువు చేద్దామని మోడెం తీగ పీకేసి రిసీవర్ ఎత్తాను. ఉస్సుమంటూనే ఉంది.

లైన్ లోపమే అయ్యుంటుంది. అవ్వకు మాత్రం ఆ మాట చెప్పలేకపోయాను.