గైడులో లేని నడిగడ్డ

అయిజలో సుమన ట్యూషన్ అంటే సోషల్ ఒక్కటే. లెక్కలకూ ఇంగ్లీషుకూ పిల్లలు వేరేచోట ఎగబడతారు. చరిత్ర, భూగోళం, పౌరశాస్త్రం ఎవరికీ పట్టవు కాబట్టి ఆమె పట్టించుకుంది. సర్కారు టీచరు ఉద్యోగం రెండుసార్లు చేతిదాకా వచ్చి జారిపోయింది. ఆ కసంతా పిల్లల నోటుపుస్తకాల మీద తీర్చుకునేది. గైడులో ఉన్నది ఉన్నట్టు దించాలి, ఒక్క మాట అటూ ఇటూ అయితే ఎర్రగీతే.

పదో తరగతి అశ్వినికి బడిలో దిద్దిన సోషల్ పేపరు ఇచ్చేరోజు మాత్రం ఆమె ఒకచోట కుదురుగా కూర్చోలేకపోయింది. పొయ్యి మీద పాలు పొంగిపోయినా చూసుకోలేదు. గేటుదాకా నాలుగుసార్లు తిరిగింది. అశ్విని తల్లి రేణుకమ్మ నెల కిందటే తేల్చి చెప్పింది మరి.

"ఈసారి సోషల్ల ఫెయిలైతే దసరా సంది చేన్లకే, మేడం. విత్తన పత్తికి పుప్పొడి రుద్ది పూలు క్రాసింగ్ చేసేతందుకు మనుషులు దొరుకుతలేరు."

"పాసైతదక్కా, నాది పూచీ," అని సుమన మాటిచ్చేసింది. ఆనాటి నుంచి అన్నం సయించలేదు.

సాయంత్రం అశ్విని వచ్చి, తల వంచుకుని పేపరు చేతికిచ్చింది. ఇరవై ఆరు మార్కులు. పాసుకు ఇరవై ఎనిమిది కావాలి.

సుమన గబగబా పేజీలు తిప్పింది. రెండు మార్కుల ప్రశ్న ఒకటి: అంతర్వేది అంటే ఏమిటి? ఉదాహరణ రాయండి. దాని కింద అశ్విని రాసింది: రెండు నదుల నడుమ ఉండే నేల. కృష్ణ, తుంగభద్రల నడుమ ఉన్న మా నడిగడ్డ. ఆ జవాబును అడ్డంగా కొట్టేసి ఉంది. కొట్టింది దిద్దిన సారు కాదు, అశ్విని నీలం పెన్నే.

"రాసి ఎందుకు కొట్టేసినవే?"

"మొన్న నోటుల గిదే రాస్తే మీరే కొట్టేసిన్రు గద, మేడం. గంగా యమునా అని రాయాలె, మన ఊరి ముచ్చట పరీక్షల రాయొద్దన్నరు. గైడుల ఉన్నది యాదికి రాలే."

సుమనకు తలకొట్టేసినట్టయింది. నడిగడ్డలో పుట్టి, నడిగడ్డలో పెరిగి, ఆ మాటను తప్పని చెప్పింది తానే. అశ్విని చెయ్యి పట్టుకుని చేనుకు బయలుదేరింది.

రేణుకమ్మ పత్తి సాళ్ల మధ్య ఉంది. సుమన రొప్పుతూనే జరిగింది మొత్తం చెప్పింది, ఏదీ దాచలేదు. "పిల్ల రాసింది కరెక్టేనక్కా. తప్పు నాది. నా మాట విని కొట్టేసింది."

"నడిగడ్డంటే రెండేర్ల నడిమి గడ్డ. చదువు రాని నాకే ఎరుక," అంది రేణుకమ్మ. "మీకు తెల్వదా, మేడం?"

"ఎరుకే. గైడుల లేదని..." అంది సుమన.

రేణుకమ్మ కూతురి వైపు తిరిగింది. "అంటే నీకు వచ్చినట్టే గదనే. బడికే పో. చేను సంగతి నేను చూసుకుంట."

సుమనకు ప్రాణం లేచొచ్చింది. "రేపటి సంది ఇంకో గంట ఎక్కువ చెప్తనక్కా."

"వద్దు, మేడం." రేణుకమ్మ గొంతులో కోపం లేదు. "వచ్చింది కొట్టేసే చదువు దానికొద్దు. ఇంటికాడనే చదువుకుంటది."

సుమనకు ఏడుపొచ్చింది. అయినా, అశ్విని సోషల్లో పాసవుతుందన్న నమ్మకం ఆమెకు మొట్టమొదటిసారి అప్పుడే కలిగింది.