బస్తా పెద్ద పెళ్లి పరుపు

పరుపుల కొట్టాయన్ని ఊరంతా బస్తా పెద్ద అనేవారు. చర్చిలో సంఘపెద్ద కాబట్టి పెద్ద. బస్తా సంగతి వేరు.

పెళ్లి కుదిరిన జంటలు డబుల్ పరుపు కొనడానికొస్తే, ఇద్దరం పక్కపక్కన పడుకుని చూస్తామంటారు కదా. ఈయన ససేమిరా ఒప్పుకోడు. "పెళ్లికి ముందు ఒకే పరుపు మీద ఇద్దరా? నా కొట్లో కుదరదు నాయనా. దేవుడు దాన్ని పెళ్లి తర్వాతకి దాచాడు" అని, అబ్బాయి బరువు అడిగి, అంత ఇసుక బస్తాలో పోసి, కాటా వేసి మరీ అమ్మాయి పక్కన పడుకోబెట్టేవాడు. తర్వాత అమ్మాయి బరువు బస్తాతో అబ్బాయి వంతు. కొందరు పగలబడి నవ్వేవారు, కొందరు ఎదురుకొట్టుకి పోయేవారు. ముప్పై ఏళ్లయినా ఆయన పట్టిన పట్టు విడవలేదు.

భార్య పోయిన ఆరేళ్లకి, అరవై రెండో ఏట, ఆయనకే మళ్లీ పెళ్లి కుదిరింది. పెళ్లికూతురు చర్చిలో పాటలు పాడే ఆస్పత్రి నర్సమ్మ. ఆవిడకీ భర్త లేడు. ఆదివారం పెళ్లనగా మంగళవారం పొద్దున్నే పరుపు చూసుకోవడానికి కొట్టుకొచ్చింది.

"ఇద్దరం ఓసారి నడుం వాల్చి చూద్దామా?" అంది, కావాలనే.

ఆయన చెవులు ఎర్రబడ్డాయి. వాల్చాలనే ఉంది, దాచడం దేనికి. కానీ తనకో న్యాయం, కుర్రాళ్లకో న్యాయమా? వెళ్లి బస్తా తెచ్చాడు.

"మీ బరువెంత?" అంది నర్సమ్మ.

"డెబ్బై" అన్నాడు, పొట్ట లోపలికి పీల్చి. బస్తాని కాటా మీద పెట్టి అంత ఇసుకా పోశాడు.

నర్సమ్మ చెప్పులేసుకుంది. "పోయిన నెల ఆస్పత్రిలో మీ బరువు చూసింది నేనే. ఒక ఆజ్ఞ కోసం ఇంత ఇసుక మోస్తారే, అబద్ధమాడకూడదన్న ఆజ్ఞని గాలికొదిలేశారా? మా ఆయన షుగరు దాచి దాచి పోయాడు. ఇంకో దాచే మనిషితో కాపురం నా వల్ల కాదు. ఈ పెళ్లి వద్దులెండి."

ఆయన డబ్బా ముంచి ఇంకాస్త ఇసుక పోశాడు. డెబ్బై ఐదు. ఆవిడ గుమ్మం దగ్గర ఆగింది. ఎనభై.

"అంతేనా?"

తలొంచుకుని ఇంకో రెండు డబ్బాలు పోశాడు. "ఎనభై తొమ్మిది. గురక కూడా పెడతాను. పై పళ్లు కట్టుడువి. ఇంక దాచిందేం లేదు" అన్నాడు.

నర్సమ్మ చెప్పులు విప్పింది. ఇద్దరూ కలిసి, రొప్పుతూ, బస్తాని పరుపు మీదికి దొర్లించారు. ఆవిడ ఇవతల పక్క పడుకోగానే పరుపు మధ్యలో గుంట పడింది, ఆవిడ జారిపోయి బస్తాకి అతుక్కుంది. లేస్తుందనుకున్నాడు. లేవలేదు. బస్తా మీద చెయ్యేసి, కళ్లు మూసుకుని, "ఇదే ఖాయం చేయండి" అంది.

ఆదివారానికింకా ఐదు రోజులుంది. ముప్పై ఏళ్లుగా ఎంతమంది కుర్రాళ్లని సరిగ్గా ఇక్కడే నిలబెట్టాడో ఆయనకప్పుడు గుర్తొచ్చింది. వాళ్ల మీద మొదటిసారి జాలేసింది. ఆ బస్తాని చూస్తే మాత్రం ఒళ్లు మండింది.