బుజ్జి పాలపన్ను, నా పెద్దరికం

ఆ రోజుల్లో, అంటే తెల్లదొరల కాలంలో, మా కొల్లేటి ఊళ్ళో పాలపళ్ళను ఎవరూ లెక్కచేసేవారు కాదు. ఎలాగూ ఊడిపోయేవేగా అనేవారు. నాకప్పటికి ఎనిమిదేళ్ళు. నాలుగు పళ్ళు ఊడి నాలుగూ మళ్ళీ మొలిచాయి కనుక, దంతాల సంగతి నాకు తెలిసినంతగా మరొకరికి తెలియదని నా గట్టి నమ్మకం. (బళ్ళో లెక్కలు తప్పిన విషయం వేరు.)

మా చెల్లెలు బుజ్జికి అయిదేళ్ళు. బెల్లమంటే ప్రాణం. అమ్మ చూడకుండా ముక్కలు గిల్లి తెచ్చేది నేను, బుగ్గన పెట్టుకుని చప్పరించేది అది. (నేనూ చప్పరించాననుకోండి.) ఓ రోజు దవడ పట్టుకుని వచ్చింది.

"అక్కా, పన్ను సలుపుతుందే."

నోరు తెరిపించి చూస్తే పై దవడలో, వెనక పంటికి నల్లటి గుంట. అమ్మకి చెబితే బెల్లం సంగతి బయటపడుతుంది. అందుకని నాయనమ్మలా గొంతు పెట్టి, "పాలపన్నేగా, అదే ఊడిపోద్దిలే. అమ్మకి చెప్పకు" అన్నాను. ఓ లవంగం కూడా పెట్టాను. పిచ్చిది, నన్ను నమ్మింది. నాలుగు రోజులు ఒక పక్కనే నమిలి, కిక్కురుమనకుండా తిరిగింది.

అయిదో రోజు పొద్దున దాని బుగ్గ వాచిపోయి కన్ను మూసుకుపోయింది. ఒళ్ళు పెనంలా కాలుతోంది. నాన్నగారు దాన్ని భుజాన వేసుకుని పడవెక్కారు. అది నా చెయ్యి వదలకపోవడంతో నన్నూ ఎక్కించారు. పడవ దిగి, బండి కట్టించుకుని ఏలూరు చేరాం.

ఆసుపత్రిలో డాక్టరమ్మగారు, "ఎన్నాళ్ళనుంచండీ నొప్పి?" అని అడిగారు.

"ఇవాళే చూశామండీ" అన్నారు నాన్నగారు.

బుజ్జి తెరిచున్న ఒక్క కన్నుతో నా వంక చూసింది. నేనే ఆగలేకపోయాను.

"అయిదు రోజులండీ. చెప్పొద్దన్నది నేనేనండీ. బెల్లం పెట్టింది కూడా నేనేనండీ!"

ఆవిడ కోప్పడలేదు. "వెనక పళ్ళు పదేళ్ళు దాటేదాకా ఉండాలమ్మా. లోపలున్న అసలు పన్నుకి చోటు కాసేది ఇవే. ఇంకో రెండు రోజులు ఊరుకుంటే పిల్ల మీకు దక్కేది కాదు" అన్నారు. నాన్నగారు గోడకి ఆనుకున్నారు. పన్ను తీసి చీము వదిలించినంతసేపూ బుజ్జి గోళ్ళు నా అరచేతిలో దిగబడ్డాయి.

మూడు రోజులకి జ్వరం తగ్గింది. తిరుగు పడవలో నాన్నగారు, "రేపట్నుంచి రెండు పూటలా దాని పళ్ళు నువ్వే తోమాలమ్మా" అన్నారు, అంతే. మెత్తటి గుడ్డకి ఉప్పద్ది రోజూ తోమేదాన్ని. అది వారానికోసారైనా నా వేలు కొరికేది. కొరకనిచ్చేదాన్ని.

ఇప్పుడు మనవలు నన్ను చూస్తే నోళ్ళు మూసుకుని పరిగెడతారు, ఎక్కడ పళ్ళు చూపించమంటానోనని. బుజ్జికి ఆ చోట పన్ను కాస్త పక్కకి తిరిగి మొలిచింది. నవ్వితే అదే అందమని అందరూ అంటారు. నేనూ అంటాను, కాస్త ఆలస్యంగా.