ఆర్గాన్ మోగిన శుక్రవారం

మస్కట్‌లో మేం ఆరాధన చేసుకునే చర్చి మా తెలుగువాళ్లు కట్టింది కాదు. మాకంటే ముందు ఉద్యోగాలకొచ్చిన ఇంగ్లీషువాళ్లు చందాలు వేసుకుని కట్టుకున్నారు, గొట్టాల్లోంచి గాలి ఊది మోగించే ఆర్గాన్ వాద్యాన్ని ఓడలో తెప్పించుకున్నారు. ఇక్కడ సెలవు రోజైన శుక్రవారం మధ్యాహ్నం హాలు మాకిస్తారు. ఆర్గాన్ మాత్రం ముట్టుకోనివ్వరు.

ఒక్కసారైనా మా పాటకు అది మోగాలని వాళ్ల కమిటీ చుట్టూ ఏళ్ల తరబడి తిరిగాను. చివరికి ఒప్పుకున్నారు. వాళ్లలో ఆర్గాన్ వాయించే పెద్దావిడే వచ్చి కూర్చుంది. దయచేసి వేగం పెంచకండని మావాళ్లకు చెప్పి చెప్పి నా నోరు నొప్పెట్టింది.

మొదటి చరణం గంభీరంగా సాగింది. రెండో చరణానికి మా డోలక్ ఆయన ఊరుకుంటాడా? మోత మొదలెట్టాడు. చప్పట్లు అందుకున్నాయి. దూరాన సహం అనే ఊరి నుంచి బస్సులో వచ్చిన మా కుర్రాళ్లు గొంతెత్తారు. ఆపమని నేను చేతులు ఊపితే, నాకూ ఊపొచ్చిందనుకుని ఇంకా జోరు పెంచారు. నాకు ఒళ్లు మండిపోయింది. మూడో చరణంలో పెద్దావిడ వాయించడం మానేసి చేతులు ఒళ్లో పెట్టుకుంది. పాట మాత్రం ఆగలేదు.

ఆరాధన అయ్యాక మా సంఘపెద్ద వచ్చి నా భుజం తట్టారు.

"ఆర్గాన్ ఉండబట్టి కదండీ పాట అంత బాగొచ్చింది! ఆఖర్న అయితే మరీనండీ!"