శ్యామ్‌సుందర్ ఆఫీసు ఇంగ్లీషు

గన్‌ఫౌండ్రీలో మా ఆఫీసు పిల్లల టీకాలను నిల్వచేసి క్లినిక్‌లకు పంపుతుంది. స్టోర్ చూసేది శ్యామ్‌సుందర్. ఒకప్పుడు బాగానే పనిచేసేవాడు. "సార్, ఫ్రిజ్ సల్లగైత లేదు, జర మెకానిక్‌ని పిలువున్రి" అంటే అందరికీ అర్థమయ్యేది. మేనేజర్ కుర్చీ మీద ఆశ పుట్టాక చెడిపోయాడు.

ఆబిడ్స్‌లో చెప్పుల షాపు పైన ఆఫీసు ఇంగ్లీషు నేర్పే క్లాసులో చేరాడు. అక్కడ సాయంత్రాలు ఒకటే సాధన: చెడ్డ వార్తను చెడ్డదిగా చెప్పకూడదు. నష్టాన్ని 'లెర్నింగ్' అనాలి, పూర్తికాని పనిని 'పైప్‌లైన్‌లో ఉంది' అనాలి. ఎవరి నోటైనా 'ప్రాబ్లమ్' అన్న మాట వస్తే వాళ్లు అందరికీ ఉస్మానియా బిస్కెట్లు కొనాలి. తాను ఇంతవరకూ కొనలేదని శ్యామ్‌సుందర్ గొప్ప.

మొన్న వేసవిలో ఒక ఆదివారం కరెంటు పోయింది, జనరేటర్ మొరాయించింది, టీకాల ఫ్రిజ్ ఆగిపోయింది. సోమవారం పొద్దున ముందుగా చూసింది అతనే. వేడెక్కిన టీకా రంగు మారదు, వాసన రాదు. పనిచేయడం మానేస్తుంది, అంతే. ఆ సంగతి తెలిసి కూడా, విజయవాడ వెళ్లిన మా యజమాని అమరేశ్వరరావు గారికి అతను పంపిన మెసేజ్ ఇది: "మైనర్ టెంపరేచర్ చాలెంజ్ సార్. వుయ్ ఆర్ ఆన్ టాప్ ఆఫ్ ఇట్." ఆయన బొటనవేలి బొమ్మ పంపారు. దాన్నే అనుమతి అనుకుని పెట్టెలను వ్యాన్ ఎక్కించాడు. అవి వెళ్లేది నాంపల్లిలోని పిల్లల క్లినిక్‌కి. శనివారం మా పాపకు టీకా వేయించాల్సింది అక్కడే.

క్వాలిటీ చూసే నేను వచ్చేసరికి అతను చాయ్ తాగుతున్నాడు. ఫ్రిజ్ మీటరు బయటి ఎండతో పోటీ పడుతోంది.

"ఏంటిది శ్యామ్ భాయ్?"

"ఫికర్ చెయ్యకున్రి మేడమ్. అంతా అండర్ కంట్రోల్."

"సరుకేదీ?"

"మూవ్ అయింది. సార్‌ను గూడ లూప్‌ల పెట్టిన."

డ్రైవర్‌కి ఫోన్ చేశాను. అదృష్టం, మొజంజాహీ మార్కెట్ దగ్గర ట్రాఫిక్‌లో ఇరుక్కున్నాడు. వెనక్కి తిప్పమని చెప్పి, యజమానికి ఫోన్ కలిపి స్పీకర్ పెట్టాను.

"ఏవయ్యా శ్యామూ, మందు పాడైందా లేదా?"

"సార్, పాజిటివ్‌గ చూస్తే..."

"పాడైందా లేదా అని అడుగుతున్నా."

"లెర్నింగ్ అయితే ఉంది సార్."

"నీ క్లాసు తగలెయ్య. తెలుగులో ఏడువు."

అతను చాయ్ గ్లాసు అందుకున్నాడు. "పాడైంది సార్, మొత్తం పారేయాలి" అని చివరికి నేనే చెప్పాను.

మర్నాడు తలదించుకుని వస్తాడనుకున్నాను. అంత సిగ్గు ఉంటే ఇంత దూరం వచ్చేదే కాదు. ఇదంతా క్లాసులో చెప్పాడట, మాస్టారు చప్పట్లు కొట్టించాడట.

"గంత క్రైసిస్‌ల గూడ నెగెటివ్ మాట రానియ్యలేదని మెచ్చుకున్నరు మేడమ్."

బిస్కెట్లు ఈసారీ కొనలేదు.

కొత్త సరుకు చేరాక, శనివారం పాపను ఎత్తుకుని నాంపల్లి వెళ్లాను. టీకాలు సరిగ్గా చల్లగా ఉంచారా అని నర్సును అడిగాను.

"ఆల్ సెట్ మేడమ్, నో వర్రీస్" అని నవ్వింది.

సూది పక్కన పెట్టి, ముందు ఫ్రిజ్ తెరిచి మీటరు చూపించమన్నాను.