రెండిట్లో ఏదో ఒకటి

నా చిన్నప్పుడు మా ఇంట్లో ఉన్న పేకలో రాజు మీద ‘ఆర్’, రాణి మీద ‘డి’ అని ఉండేది. పుదుచ్చేరిని ఫ్రెంచివాళ్లు ఏలుతున్న రోజులు మరి, ముక్కల మీద అక్షరాలు కూడా వాళ్లవే. మా తాతయ్య ఒక దొర దగ్గర గుమస్తాగా ఉంటూ బ్రిడ్జి ఆట నేర్చుకున్నాడు. దొరల క్లబ్బులో పాతబడిన పేకలు కోసపాళయంలోని మా వసారాకు చేరేవి. ఏ ముక్క ఏదో వెనకనుంచే గుర్తుపట్టేంతగా నలిగిపోయి ఉండేవి. అయినా తాతయ్య వాటిని కండువాలో చుట్టి, దేవుడి సామాన్ల పక్కనే దాచేవాడు.

మా ఇంట్లో అందరికంటే బాగా ఆడేది మా మేనత్త. చిన్నవయసులోనే భర్త పోతే పుట్టింటికి వచ్చేసింది. ఊళ్లో ఒక కన్యాస్త్రీల మఠంలో ఆడవాళ్లకు లేసు అల్లిక నేర్పి పని ఇచ్చేవారు. అక్కడ చేరాలని అత్తకు ప్రాణం కొట్టుకునేది. ఏంబలంలో ఉన్న ఆమె అత్తవారేమో, ఇంట్లో మనిషి సాయం కావాలి, పంపించండని కబురు మీద కబురు పెట్టేవారు. తాతయ్య ఎటూ తేల్చుకోలేకపోయేవాడు. ఒక ఆదివారం సాయంత్రం అత్త మరిది బండి కట్టుకుని వస్తున్నాడని తెలిసింది. ఆ మధ్యాహ్నం మనసు ఊరుకోక తాతయ్య పేక తీశాడు.

బ్రిడ్జిలో ఎదురెదురుగా కూర్చున్న ఇద్దరూ ఒక జట్టు. ముందు వేలంపాటలాగా వంతులవారీగా పాడి, ఏ జాతి తురుఫో తేల్చుకోవాలి. తాతయ్యా మా నాయనా ఒక జట్టు, అత్తా నేనూ ఒక జట్టు. అత్త నాకు ఒక సంగతి ముందే నేర్పింది. ఎదుటివాళ్లు పాడిన జాతినే తను మళ్లీ పాడిందంటే, తనకు ఆ జాతి కావాలని కాదు. ఇస్పేటూ ఆఠీనూ రెండూ తన చేతిలో బాగా ఉన్నాయని, వాటిలో ఒకటి నన్ను ఎంచమని. ఈ ఒప్పందం తాతయ్యకూ తెలుసు, దొంగాట ఏమీ కాదు.

తాతయ్య కళావరు పాడాడు. అత్త కూడా కళావరే పాడింది. నాయన పాడకుండా పాస్ అన్నాడు. నా చేతిలో చూస్తే రాజు లేడు, రాణి లేదు. ఆఠీన్లు నాలుగున్నాయి కానీ అన్నీ చిల్లర ముక్కలే. ఇంత దరిద్రపు చేయి పెట్టుకుని నేను పాడేదేముంది, అత్తే చూసుకుంటుందిలే అనుకున్నాను. పైగా పెద్దవాళ్లు ఏమడిగినా ‘మీ ఇష్టం’ అనడం మా ఇంట్లో ఆడపిల్లకు మర్యాద. అదే వినయంతో తల వంచుకుని పాస్ అన్నాను. తాతయ్య మీసాల్లో నవ్వుకుంటూ తనూ పాస్ అన్నాడు. ఇంకేముంది, చివరి పాటే ఖాయం కాబట్టి, చేతిలో ఒకే ఒక్క కళావరు ముక్క పెట్టుకుని అత్త కళావరు తురుఫుగా ఆడాల్సివచ్చింది. చిత్తుగా ఓడిపోయాం.

అత్త నన్ను కసరలేదు. ఆట అయ్యాక నా నాలుగు ఆఠీన్లూ ఏరి తన ఆఠీన్ల పక్కన చాప మీద పేర్చింది. “రాజు లేడని నోరు మూసుకున్నావా? రాజు నా కాడ ఉండాడే. రెండిట్లో నీకు ఏది ఎక్కువుందో సెప్తే సాలు, మిగతాది నేను ఆడుకుంటా. నువ్వు పలక్కపోతే నేను ఒంటిగా వాళ్లింట్లో ఇరుక్కుంటా,” అంది.

అర్థమైంది. బాగానే అర్థమైంది, అదే నా ఖర్మ.

పొద్దు వాలేవేళకు మరిది వచ్చాడు. ఎడ్లకు నీళ్లు పెట్టి వసారాలో కూర్చున్నాడు. నిజం చెప్పాలంటే నెమ్మదైన మనిషే. తన భార్య పురిటి మంచం మీద ఉందని, వండి వార్చే దిక్కు లేదని చెప్పుకున్నాడు. తాతయ్య అత్తను పిలిచి, నీ మాటేందని అడిగాడు. అత్త గుమ్మం పక్కన నిలబడింది.

“మఠంలో లేసు పనికి పంపితే పోతా నాయనా. ఆడదాన్ని బయటికి పంపేది బాగుండదంటే, ఇంట్లోనే కూర్చొని వీధిలో పిల్లోళ్లకి కుట్టుపని నేర్పిస్తా. రెండిట్లో ఏదైనా సరే. తమ్ముడు ఏది సెప్తే అది,” అంది.

రేపు తాతయ్య తర్వాత ఇల్లు నడపాల్సినవాడు మా నాయనే. తాతయ్య ఆయన వంక ఆశగా చూశాడు. కొడుకు ఏదో ఒకటి అంటే దాన్ని పట్టుకుని, మరిదికి సర్దిచెప్పి పంపేద్దామని ఆయన ఎదురుచూస్తున్నట్టు నాకే తెలిసిపోయింది. మా నాయనకు అక్కంటే ప్రాణం. కానీ ఆ ఇంట్లో ఆయన మాట ఏనాడూ చెల్లింది లేదు. తువ్వాలు ఒక భుజం మీంచి ఇంకో భుజం మీదికి మార్చుకుని, “నాదేముందక్కా, నీ ఇష్టం,” అన్నాడు.

“ఏందిరా, అక్క అడగతా ఉంటే అట్లంటావు,” అని తాతయ్య విసుక్కుని నా వైపు తిరిగాడు. “నువ్వు సెప్పవే. అత్త యాడుండాల?”

పరిహాసానికి అడిగాడో, నిజంగానే అడిగాడో నాకు నేటికీ తెలియదు. అత్త నన్నే చూస్తోంది. మధ్యాహ్నం పేర్చిన ఆఠీన్లు ఇంకా చాప మీదే ఉన్నాయి. ఇక్కడే ఉండాలి, నా దగ్గరే ఉండాలి అన్న మాట నోటిదాకా వచ్చింది. చిన్నపిల్లను, నా మాటకేం విలువ అనిపించింది. “మీ ఇష్టం తాతయ్యా,” అన్నాను. ఎంత బుద్ధిమంతురాలని మరిది మెచ్చుకున్నాడు. తాతయ్య నిట్టూర్చి నా తల నిమిరాడు. ఆ మెప్పు గుర్తొస్తే ఇప్పటికీ సిగ్గుతో చచ్చిపోతాను.

చివరికి మరిది అడిగిందే ఖాయమైంది. మర్నాడు తెల్లవారుతూనే అత్త బండెక్కి ఏంబలం వెళ్లిపోయింది.

ఆ తర్వాత అటువైపు వెళ్లేవాళ్లు ఎవరు కనిపించినా నాయన వాళ్ల చేతికి లేసు దారం కండెలు కొనిచ్చి పంపేవాడు. తను మాత్రం వెళ్లేవాడు కాదు. నా పెళ్లికి పిలవడానికి అమ్మతో కలిసి నేను ఏంబలం వెళ్లాను. పెరట్లో అత్త ఆ సన్నటి దారాన్నే నాలుగు పేటలు చేసి వేరుసెనక్కాయల గోతాలు కుడుతోంది. నన్ను చూసి మురిసిపోయి, పక్కన కూర్చోబెట్టుకుంది.

“మీ నాయన ఇంకా బాధపడతా ఉండాడా? పాపం, తన చేతిలో ఏమీ లేదనుకున్నాడు. లేకపోతే ఏమి? ఏదో ఒకటి అనింటే మిగతాది నేను ఆడుకునేదాన్ని గదా,” అంది.

నా మాట ఎత్తలేదు. అప్పటికి పసిపిల్లనని వదిలేసింది కాబోలు. కానీ ఆ మధ్యాహ్నం చాప మీద ముక్కలు పేర్చి ఆమె చెప్పింది నాయనకు కాదు, నాకు. ఆయన తెలియక అన్న మాటనే నేను తెలిసి అన్నాను. ఆ రోజు అత్తకు ఎదురుగా కూర్చున్న జట్టుమనిషిని నేనే.

ఇప్పుడు నా మనవరాళ్లు నన్ను ఆటపట్టిస్తుంటారు. కాఫీయా మజ్జిగా అని అడగడం పూర్తికాకుండానే చెప్పేస్తానట. చీరల అంచుల దగ్గర్నుంచి చదువుల దాకా, తెలిసినా తెలియకపోయినా తేల్చేస్తానట. ముసలమ్మకు అన్నిట్లో పెత్తనం కావాలంటారు. అనుకోనీ. ఎవరైనా రెండు దారులు చెప్పి నా ముఖంలోకి చూశారంటే, నాకు ఆ గుమ్మం పక్కన నిలబడ్డ మా అత్తే కనిపిస్తుంది. నా చేతిలో ఏమీ లేకపోయినా సరే, ఏదో ఒకటి చెబుతాను.