పిడి లేని తలుపు

నలభై ఏళ్లకు దగ్గరగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. ఒక్క మాట అది. నా భార్యకు కూడా చెప్పలేదు. మీకు చెబుతున్నాను.

మొన్న సిరిసిల్లలోని మా వంటగదిలో ఓవెన్ బిగించారు. పిడులు లేని అల్మారాల మధ్య, చుట్టూ గోరు మందం సందు వదిలి, వరుస చెదరకుండా కూర్చోబెట్టాడు మేస్త్రీ. పక్క తలుపును మోకాలితో నొక్కి తెరిచాడు. "సార్, కొత్తోళ్లు ఎంత ఎతికినా గీ తలుపు దొరకది" అని నవ్వాడు. ఆ రాత్రే నేను ఈ కాగితం ముందు కూర్చున్నాను.

మా బాపు కథలాపూర్ దగ్గరి పల్లెలో వడ్రంగి. ఆ ఊరి దొర వంటింట్లో, పొయ్యి పక్క గోడకు టేకు పలకలు పరిచి, వాటిలో ఒకదాన్ని తలుపు చేశాడు. పిడి లేదు, గొళ్లెం లేదు. కింది మూలన మోకాలితో నొక్కాలి. వెనుక, ఎవరైనా మీదికి వస్తే దొర దాక్కోవడానికి, మనిషి నిలబడేంత అర. అలాంటి అర చేసినవాడు ఉలి మీద చెయ్యి వేసి, పెదవి విప్పనని ఒట్టు పెట్టుకోవడం మా ఇంటి ఆచారం. రంపం పట్టి సాయం చేసిన నేనూ పెట్టాను.

మా వంశంలో డిగ్రీ చదివిన మొదటివాణ్ని. కోరుట్ల కాలేజీలో గది మిత్రుడొకడు నన్ను రంపపు పొట్టుగాడని ఎగతాళి చేస్తే, బాపు పనితనం తెలియజెప్పాలని ఆ తలుపు సంగతి చెప్పేశాను. మోకాలితో నొక్కే చోటుతో సహా. గొప్ప కోసమేనా? మా తాతతో వెట్టి చేయించిన ఆ ఇంటికి ఏదో జరగాలని లోలోపల కోరుకున్నానా? ఈనాటికీ తేల్చుకోలేను. నెల తిరగకుండా ఆ మిత్రుడు నక్సలైట్ల దళంలో చేరి అడవికి వెళ్లాడు.

దళం పట్టపగలే వచ్చింది. దొర అరలో దాక్కున్నాడు. వాళ్లు ఏ గదీ వెతకలేదు. నేరుగా వంటింట్లోకి వెళ్లి మోకాలితో నొక్కారు. జుట్టు పట్టి ఈడ్చి, వాకిట్లో గొడ్డళ్లతో నరికారు. అడ్డం పడిన ఆయన భార్య భుజం చీలిపోయింది.

అర గుట్టు చెప్పింది దాన్ని చేసినవాడేనని, మర్నాడు పోలీసులు బాపును తీసుకెళ్లారు. వారం తర్వాత బండిలో వేసుకుని ఇంటికి తెచ్చాం. పది వేళ్లూ చితికి, నల్లగా ఉబ్బి ఉన్నాయి. నేను గంజి తాగిస్తుంటే అడిగాడు.

"కొడుకా, గా అర ముచ్చట ఎవలకన్న చెప్పినవా?"

"లేదు బాపూ. నేనెందుకు చెప్త?"

మోచేత్తో గంజి గిన్నెను పక్కకు నెట్టాడు.

"అవ్ మల్ల, సదువుకున్నోనివి, నువ్వెందుకు చెప్తవ్. నేనే ఏడనో కల్లు తాగి వాగిన. నా నోట్ల మన్నువడ, మనిషిని సంపిన."

నా మాటను తన జ్ఞాపకం కంటే ఎక్కువ నమ్మాడు. మళ్లీ కల్లు ముట్టలేదు. ఉలి పట్టే వేళ్లు ఎలాగూ మిగల్లేదు. ఏటా దొర పోయిన రోజున ఆ వాకిట్లో నిలబడి, కలవని వంకర వేళ్లతో దొరసానికి దండం పెట్టేవాడు. ఒకసారి ఆమె ఆయన ముఖాన ఉమ్మింది. ఆయన తుడుచుకోలేదు. నేను పక్కనే ఉన్నాను. పోలీసుల భయమని కొన్నాళ్లు నాకు నేను సర్దిచెప్పుకున్నాను. ఆ భయం పోయాక కూడా నోరు మెదపలేదు, ఎందుకంటే అప్పటికి ఊరంతా నన్ను సార్ అంటోంది, ఆ పిలుపు విని బాపు మురిసిపోతున్నాడు.

హంతకుణ్నని నమ్ముతూనే ఆయన పోయాడు.

నన్ను క్షమించమని మిమ్మల్ని అడగను. క్షమించవలసినవాడు లేడు. ఇది మాత్రం కాగితం మీద ఉండాలి: బాపు తాగి వాగలేదు. ఉలి మీద పెట్టిన ఒట్టు తప్పలేదు. చెప్పింది నేను.

రాశాను. ఊపిరి కొంచెం ఆడుతోంది.